‘హన్విక’కి అర్థం ఉందా? కొత్త పేర్ల మీద పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ పిల్లల పేర్ల చుట్టూనే తిరిగాయి. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి, వీలైనన్నిటికి ఇక్కడ జవాబిస్తున్నాం.

ప్రశ్న: మా పాపది పునర్వసు మూడో పాదం. ‘హ’తో పేరు రావాలన్నారు. నెట్‌లో వెతికి ‘హన్విక’ అనుకున్నాం. ఒకచోట లక్ష్మీదేవి అనీ, ఇంకోచోట తేనె అనీ అర్థం రాశారు. ఏది నిజం? బారసాల ఇంకా కాలేదు.
– ఒక తల్లి, ఏలూరు

జవాబు: రెండూ కావమ్మా. లక్ష్మీ అష్టోత్తరంలో ఆ పేరు లేదు. తేనెకు సంస్కృతంలో మధువు, మాక్షికం, క్షౌద్రం లాంటి మాటలున్నాయి గానీ హన్విక లేదు. ఇది ఈ మధ్య కూర్చిన పేరు. ఎలా కూర్చారో తెలిస్తే ఇలాంటి పేర్లు ఇంకో వంద కనబడినా మీరే విప్పి చూసుకోగలరు.

ఇందులో మూడు ముక్కలున్నాయి. మొదటిది ‘హ’. అది నక్షత్రపాదం ఇచ్చిన అక్షరం. మధ్యలో ‘న్వి’. తన్వి అనే పాత పేరు చెవికి బాగా అలవాటవడంతో ఆ చప్పుడు అక్కడికి వచ్చింది. తన్వికి వ్యాకరణం ఉంది. ‘తను’ అంటే సన్నని అనే విశేషణం, దానికి స్త్రీలింగంలో ‘ఈ’ చేరితే తన్వీ అవుతుంది. చారు నుంచి చార్వీ, సాధు నుంచి సాధ్వీ, పృథు నుంచి పృథ్వీ వచ్చినట్టే. సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని ‘వోతో గుణవచనాత్’ అన్న సూత్రం ఇందుకే చేశాడు. శాన్వి, ఆన్వి లాంటివి ఈ వరుసలో నిలబడవు, ఎందుకంటే వాటి వెనక ఉకారాంతమైన మూలపదం లేదు. చప్పుడు మాత్రమే అరువు వచ్చింది. మూడో ముక్క ‘ఇక’. నాయక – నాయిక, బాలక – బాలిక, చంద్రిక, మల్లిక అన్నవాటిలో ఉన్నదే.

అంటే తల, నడుము, తోక మూడూ మనకు తెలిసినవే, అర్థాన్నిచ్చే మూలం, అంటే ధాతువు మాత్రం లేదు. ‘హన్’ అనే ధాతువుకి చంపడం అని అర్థం కాబట్టి పేరు చెడ్డదని కొందరు భయపెడతారు. అదీ సరికాదు. ఈ పేరు ఆ ధాతువు నుంచి ఏ సూత్రంతోనూ పుట్టలేదు.

పేర్ల జాబితాల్లో కనిపించే అర్థాల్ని సరిచూసుకోవాలంటే ముందు పేరు చివరి ఇక, ఇత, అంశ్, వి లాంటి ముక్కని తీసేయండి. మిగిలినదాన్ని శబ్దరత్నాకరం అనే తెలుగు నిఘంటువులోనో, సంస్కృత పదమైతే ఆప్టే నిఘంటువులోనో చూడండి. ఆంధ్రభారతి సైట్‌లో తెలుగు నిఘంటువులు చాలా ఒకేచోట దొరుకుతాయి. వెతికేటప్పుడు హ్రస్వ దీర్ఘాలు, ఒత్తులు, శ–ష–స తేడాలు మార్చి మార్చి చూడాలి. ఒక్క దీర్ఘం పోయినా మాట దొరకదు. ఉదాహరణకి, పిల్లల పేరుగా చాలామంది రాసే ‘నిహారిక’ నిఘంటువులో దొరకదు, ‘నీహారిక’ దొరుకుతుంది. ఏ నిఘంటువులోనూ లేని పేరుకి పది సైట్లు ఒకే అర్థం చెబుతున్నాయంటే అవి ఒకదాన్ని చూసి ఇంకొకటి రాసుకున్నవే.

బారసాల కాలేదంటున్నారు కాబట్టి, అర్థం ముఖ్యమనుకుంటే ‘హంసిక’ చూడండి. అది అసలైన సంస్కృత పదం, ఆడహంస అని అర్థం. దాన్నీ ‘హన్సిక’ అని రాయకండి. హన్విక అన్న చప్పుడే మీ మనసుకి నచ్చితే అదే పెట్టుకోండి, తప్పు లేదు. పాప పెద్దయి అడిగినప్పుడు మాత్రం లక్ష్మీదేవి అని చెప్పకుండా, మేమే కూర్చుకున్నాం అని చెప్పండి.

ప్రశ్న: మా మనవళ్ల పేర్లు విహాన్, రేయాంశ్. నోరు తిరగదు, అర్థం తెలియదు. మా కాలంలో తాత పేరో, దేవుడి పేరో పెట్టేవాళ్లం. అర్థంలేని పేర్లు పెట్టడం ఎప్పుడు మొదలైంది?
– ఒక తాతగారు, సిద్దిపేట

జవాబు: తాతగారూ, ఇది మీరనుకున్నదానికంటే చాలా పాతది. పాణిని వ్యాకరణానికి పతంజలి రాసిన వ్యాఖ్యానం మహాభాష్యంలో శబ్దాలు నాలుగు రకాలని ఉంది. జాతిని చెప్పేవి, గుణాన్ని చెప్పేవి, క్రియని చెప్పేవి, నాలుగోవి యదృచ్ఛా శబ్దాలు. అంటే ఎవరో తన ఇష్టం కొద్దీ పెట్టిన పేర్లు. సంస్కృత వ్యాకరణంలో వీటికి ఎప్పుడూ చెప్పే ఉదాహరణలు డిత్థ, డవిత్థ. వాటికి వేరే అర్థమేమీ లేదు, ఆ మనిషి పేరు అంతే. ‘ఌతక’ అని ఎవరైనా పేరు పెట్టుకుంటే ఏం చేయాలన్న చర్చ కూడా అక్కడే వస్తుంది. అలాంటి పేరు ఎందుకు, శాస్త్రానికి నిలిచే ‘ఋతక’ అని పెట్టుకోమని ఒక పక్షం. ఇవాళ మీ ఇంట్లో జరుగుతున్న వాదన రెండు వేల ఏళ్ల నాటిదే.

పేరు చప్పుడు ఎలా ఉండాలో కూడా పెద్దలు రాసిపెట్టారు. ఇంట్లో చేసే సంస్కారాల విధులు చెప్పే పారస్కర గృహ్యసూత్రం ప్రకారం మగపిల్లాడి పేరుకి రెండో నాలుగో అక్షరాలుండాలి. మొదట గ, జ, ద, బ లాంటి ఘోషాక్షరం, మధ్యలో య ర ల వలలో ఒకటి రావాలి, చివర దీర్ఘం గానీ విసర్గ గానీ ఉండాలి. ఆడపిల్ల పేరుకి బేసి అక్షరాలు, చివర ఆకారం. ఇప్పుడు మీ మనవడి పేరు చూడండి. రేయాంశ్‌లో రెండక్షరాలు, మొదట ఘోషమైన ర, మధ్యలో య. చివరి హల్లు ఒక్కటే నియమానికి తప్పింది. పైన ఏలూరు తల్లి అడిగిన హన్వికలో మూడక్షరాలు, సంస్కృతంలో చివర ఆకారం. కొత్త పేర్లు చెవికి ఎందుకు ఇంపుగా ఉంటాయన్నదానికి మేం చెప్పగలిగే కారణం ఇదే: శబ్దం పాత మూసలోదే, అర్థం మాత్రం తర్వాత అతికించింది.

మన తెలుగులోనూ పేర్లకి తోకలు ఎప్పుడూ ఉన్నాయి. తిక్కన, ఎర్రన, కేతన, మారన పేర్లలో ‘అన్న’ అనే ఒకే తోక. తర్వాత అయ్య, అమ్మ, అప్ప. ఆ స్థానంలోకి ఇప్పుడు ఇక, ఇత, అంశ్ వచ్చాయి. స్వాతంత్ర్యోద్యమ కాలంలో సుభాష్, చిత్తరంజన్, జవహర్ అన్న పేర్లు తెలుగు ఇళ్లలోకి వచ్చాయి. హల్లుతో ఆగిపోయే పేర్లు మనకు అలవాటవడంలో వాటి పాత్ర చిన్నది కాదు. విజయవాడ నాస్తికోద్యమ నాయకుడు గోరా 1930 ఉప్పు సత్యాగ్రహం గుర్తుగా కొడుక్కి లవణం అనీ, మరో కొడుక్కి యుద్ధం అనే అర్థమిచ్చే సమరం అనీ పేరు పెట్టారు. అవి అసలైన కొత్త పేర్లు. ఎవరూ పెట్టనివి, వాడిన మాట మాత్రం ఊరందరికీ తెలిసినది.

ఇక మీ ఇంటి పేర్లు. విహాన్ అంటే ఉదయం. హిందీ ప్రాంతాల్లో ‘బిహాన్’ అనేది వాడుకలో ఉన్న మాట. మీ నోట అది ‘విహాను’ అయితే తప్పు పట్టనక్కర్లేదు. తెలుగు నాలుక చివరి హల్లుకి ఉకారం చేరుస్తుంది. బస్సు, కారు అలా వచ్చినవే. రేయాంశ్ సంగతి వేరు. సూర్యకిరణం అని రాస్తున్నారు గానీ ఆ ‘రే’ ఇంగ్లీషు కిరణం. తెలుగులో రేయి అంటే రాత్రి. పైగా కిరణం కావాలంటే ‘అంశు’ ఉండాలి. హిమాంశు, సుధాంశు అంటే చంద్రుడు, చల్లని కిరణాలవాడు. ‘అంశ’ అంటే భాగం. ఉకారం ఒక్కటి పోతే కిరణం ముక్కైపోతుంది.

మరి ఎందుకింత ఇష్టపడుతున్నారంటారా? మీ తరంలో తరగతికి ముగ్గురు శ్రీనివాసులుండేవారు, ఇంటిపేరు చేర్చి పిలిచేవాళ్లు. ఇప్పుడు ఇంట్లో ఒకరో ఇద్దరో పిల్లలు, వాళ్ల పేరు ఇంకెవరికీ ఉండకూడదని తల్లిదండ్రుల కోరిక. ఇంకో కారణాన్ని చాలామంది గమనించరు. మామగారి పేరు కోడలు నోటితో పలకకూడదు కాబట్టి తాత పేరు పెట్టిన పిల్లాణ్ణి ఇంట్లో బుజ్జి, చిన్న, పండు అని పిలిచేవారు. పొడవాటి పేరు బడికి, పొట్టి పేరు ఇంటికి. ఇప్పుడు ఆ రెండింటి పనీ ఒక్క పేరే చేయాలి. అందుకే రెండు మూడక్షరాలకు కుదించారు. కులం, ఊరు తెలియనివ్వని పేరు కావాలనుకునేవాళ్లూ ఉన్నారు. ఆ కోరికని మేం గౌరవిస్తాం.

ప్రశ్న: బాబుది హస్త మూడో పాదం, ‘ణ’ వచ్చింది. ణతో పేరేముంటుంది? మా తోడికోడలి బిడ్డకి ఆరుద్ర మూడో పాదం, ‘ఙ’ అట!
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఇరవై ఏడు నక్షత్రాలు, ఒక్కోదానికి నాలుగు పాదాలు, మొత్తం 108 పాదాలకు 108 అక్షరాలు పంచారు. పంచేటప్పుడు ఆ అక్షరంతో మాటలు మొదలవుతాయా లేదా అని చూడలేదు. హస్తకి పూ, ష, ణ, ఠ. ఆరుద్రకి కూ, ఘ, ఙ, ఛ. ణ, ఙలతో మొదలయ్యే పేర్లు వాడుకలో లేవు. ‘ష’తో షణ్ముఖ, షడానన దాటితే కరువే. కొత్త పేర్లు ఎక్కువగా పుట్టేది సరిగ్గా ఇలాంటి చోట్లే. షాన్వి, షన్విక లాంటివి ఈ కరువులోంచే వచ్చాయి.

మీకు మూడు దారులున్నాయి. ఒకటి, అదే నక్షత్రంలో వేరే పాదం అక్షరం తీసుకోవడం. హస్తకైతే ‘పూ’తో పూర్ణచంద్ర, పూర్ణానంద ఉన్నాయి. ఆరుద్రకైతే ‘ఘ’తో ఘనశ్యామ, ఆడపిల్లయితే ‘ఛ’తో ఛాయ. రెండు, నామకరణం నాడు చెవిలో చెప్పే జన్మనామం ఆ అక్షరంతో పెట్టి, పిలుపు పేరు మీ ఇష్టంగా పెట్టుకోవడం. నక్షత్రనామం, వ్యావహారిక నామం వేర్వేరుగా ఉండటం మన ఆచారంలో ఉన్నదే. మూడు, ణకి దగ్గరి ‘న’ తీసుకోవడం. ఇది కొందరు పురోహితులు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు, ఎందుకంటే నా, నీ, నూ, నే అనూరాధవి. మాకు రెండోదే సబబుగా తోస్తుంది. ఒక్కసారి పుట్టిన సమయం కూడా సరిచూసుకోండి. చంద్రుడు ఒక పాదం దాటడానికి సుమారు ఆరు గంటలు పడుతుంది. పాదం మారే వేళకి దగ్గరగా పుట్టిన బిడ్డకి పది నిమిషాల తేడాతో అక్షరం మారిపోతుంది.

ప్రశ్న: ‘రుషిత’ అంటే ఋషిలాంటి అమ్మాయి అనే కదా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: కాదండీ. సంస్కృతంలో రుషిత అంటే కోపం వచ్చినది. ‘రుష్’ ధాతువు, రోషం కూడా అందులోంచే. మీరు ‘హృషిత’ లేదా ‘హర్షిత’ పెట్టండి, రెండూ సంతోషించినది అనే అర్థమే ఇస్తాయి. ఇలాగే తడబడే పేర్లు మరికొన్ని చెబుతాం. ఆరవ్ అంటే ప్రశాంతత అని రాస్తారు, నిఘంటువులో ఆరవం అంటే ధ్వని, మొర. ధన్వి అంటే విల్లు పట్టినవాడు, విష్ణుసహస్రనామంలో ‘విక్రమీ ధన్వీ మేధావీ’ అని వస్తుంది, పుంలింగం. ఆడపిల్లకైతే ధన్విని. ఋత్విక్ అంటే యజ్ఞం చేయించేవాడు, మూలపదం ఋత్విజ్. దాని ప్రథమావిభక్తి రూపానికి ఆకారం తగిలించి ‘రిత్విక’ చేశారు, అది వ్యాకరణానికి నిలవదు. యశ్విత, జశ్విత రెండూ యశస్సులో చివరి సకారాన్ని మింగేసినవి. యశస్విని అంటే నిండుగా ఉంటుంది.

ప్రశ్న: మా ఇద్దరి పేర్లూ కలిసేలా పాపకి పేరు కూర్చాలని ఉంది. ఆయన పేరు శివ, నా పేరు లావణ్య. ‘శివన్య’ బాగుందా?
– ఒక తల్లి, వరంగల్

జవాబు: బాగోలేదని చెప్పడానికి కారణాలున్నాయి. లావణ్య అనే మాట లవణం నుంచి వచ్చింది. కూరకి ఉప్పు ఎలాగో రూపానికి లావణ్యం అలాగ. దాన్ని నడిమికి కోసి ‘ణ్య’ని పట్టుకుంటే మీ పేరులోని ఉప్పు పోయి ప్రత్యయం మాత్రమే మిగులుతుంది. దానికి ణ కాస్తా న అయింది. ఇక కొందరు రాసే ‘శివాన్య’ మరీ ఇబ్బంది. శివ + అన్య అని సంధి విడదీస్తే, శివుడికి వేరైనది అని అర్థం వస్తుంది.

పేర్లు కలిపేటప్పుడు అక్షరాల్ని కలపకండి, అర్థాల్ని కలపండి. ముందు ఇద్దరి పేర్లకీ అర్థం రాసుకోండి. ఆ రెండు అర్థాలూ కలిసే చోట మాట ఉందేమో చూడండి. నాన్న చంద్రశేఖర్, అమ్మ జ్యోతి అయితే ‘జ్యోత్స్న’ ఉంది. వెన్నెల అని అర్థం, జ్యోతిస్సు నుంచే పుట్టింది. ఇద్దరూ పూర్తిగా ఉన్నారు, ఎవరినీ కోయలేదు. మీకు శివుడూ, అందమూ కలవాలి. ‘సుందరి’ పాతదనిపిస్తే ‘చార్వి’ చూడండి, అందమైనదని అర్థం. ‘శివచార్వి’ కాస్త పొడవైనా నిఘంటువుకి నిలుస్తుంది. లేదా శివానుగ్రహం అనుకుని ‘శివప్రియ’.

పూర్తిగా కొత్తదే కూర్చాలని ఉంటే ‘ఇత’ వాడుకోండి. తారకాది పదాలకి ‘ఇతచ్’ చేర్చి, అది కలిగినది అనే అర్థం తెచ్చే సూత్రం పాణినిలోనే ఉంది. పులకిత, కుసుమిత, పల్లవిత, అంకురిత అలా వచ్చినవే. చిగురించినది, పూసినది అన్న అర్థాలు తెలుగువాళ్లకి వినగానే తెలుస్తాయి, పేరుగా మాత్రం అరుదు.

ప్రశ్న: మా అమ్మాయి హాసిని. న్యూమరాలజీ ఆయన ఇంగ్లీషులో ఒక ‘ఎ’ పెంచమంటున్నారు, ఇంకొకరు ‘ఎస్’ పెంచమంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక తండ్రి, కర్నూలు

జవాబు: లెక్క మీరే చేసి చూడండి. కాల్డియన్ పద్ధతిలో హెచ్‌కి 5, ఎకి 1, ఎస్‌కి 3, ఐకి 1, ఎన్‌కి 5, మళ్లీ ఐకి 1. మొత్తం 16, కలిపితే 7. ఎ పెంచితే 17, అంటే 8. దానికి బదులు ఎస్ పెంచితే 19, అంటే 1. పైథాగరస్ పద్ధతిలో అక్షరాలకి 1 నుంచి 9 వరకు వరుసగా విలువలిస్తారు. అప్పుడు మొదటి స్పెల్లింగుకే 33, అంటే 6 వస్తుంది. ఒకే పేరుకి ఒక పద్ధతిలో ఏడు, ఇంకో పద్ధతిలో ఆరు. ఇద్దరి సలహాలు కలవకపోవడంలో వింత లేదు.

మా మాట చెబుతాం. ‘హా’ దీర్ఘం కాబట్టి రెండు ‘ఎ’లు పెడితే పలుకుబడికి సరిపోతుంది, పెట్టుకోండి. రెండు ‘ఎస్’లు పెడితే చదివేవాళ్లు ‘హస్సిని’ అంటారు. తెలుగులో ముందు సరిగ్గా రాసి, దానికి దగ్గరగా పలికే ఇంగ్లీషు స్పెల్లింగు ఒక్కటే ఎంచుకుని, జనన ధ్రువీకరణ పత్రం నుంచి ఆధార్ దాకా అదే వాడండి. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒకటి, పాస్‌పోర్టులో ఇంకోటి ఉంటే తర్వాత అఫిడవిట్లతో తిరగాల్సి వచ్చేది ఆ పిల్లే.

ప్రశ్న: మేం డల్లాస్‌లో ఉంటాం. వచ్చే నెల కాన్పు. అబ్బాయైతే హర్షిత్ అనుకుంటున్నాం. ఇక్కడివాళ్లు పలకగలరా?
– ఒక జంట, టెక్సస్

జవాబు: పలకడం కంటే రాతలో చిక్కుంది. ఆ పేరు ఇంగ్లీషు స్పెల్లింగు చివరి నాలుగు అక్షరాలూ అక్కడ బూతుమాట. అక్షిత్, లక్షిత్, రక్షిత్‌లకీ అంతే. చివర ‘హెచ్’ చేర్చినా కంటికి కనబడుతూనే ఉంటుంది, బళ్లో పిల్లలు వదలరు. ‘హర్ష’ పెట్టండి, అర్థం అదే, అచ్చుతో ముగుస్తుంది, తెలుగు నోటికీ హాయి.

ఇంకొక విషయం. మనం ‘త’కి ‘టిహెచ్’ రాస్తాం, అక్కడివాళ్లు దాన్ని ‘థ’లా పలుకుతారు. ‘జ్ఞ’ ఉన్న పేరుని మనం ‘జిఎన్’తో రాస్తాం, హిందీవాళ్లు ‘జివై’తో రాస్తారు, అమెరికన్లకి రెండూ తెలియవు. వేద, మీర, నీల, తార లాంటివి ఎక్కడైనా నిలుస్తాయి. అక్కడ సాధారణంగా ఆసుపత్రి నుంచి వచ్చేలోపే పేరు రాసివ్వమంటారు. బారసాల దాకా ఆగేలా ఉండదు కాబట్టి ఇంటిపేరు ఏ గడిలో రాయాలో ముందే తేల్చుకోండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న మనవాళ్లకి అమెరికా వీసా మీద మొదటి పేరు తెలియదన్న అర్థంతో ‘ఎఫ్ఎన్‌యు’ అని పడటం మీకు తెలిసే ఉంటుంది. బిడ్డకి ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి మన ప్రభుత్వం ఇచ్చే) కార్డు కూడా అమెరికా పాస్‌పోర్టులో ఉన్న పేరుతోనే వస్తుంది.

ప్రశ్న: పాప పుట్టి ఎనిమిది నెలలైంది. జననం నమోదైంది గానీ పేరు తేలక ఆ గడి ఖాళీగా ఉంది. గడువు దాటిపోయిందా?
– ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: దాటలేదమ్మా. 21 రోజుల గడువు జననం నమోదుకి, పేరుకి కాదు. 1969 జనన మరణాల నమోదు చట్టంలోని 14వ సెక్షన్ ప్రకారం పేరు లేకుండా నమోదు చేయించుకోవచ్చు. నమోదైన తేదీ నుంచి 12 నెలల్లోపు పేరు చేర్చడానికి రుసుము లేదు. ఆ తర్వాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ల దాకా చేర్చవచ్చు. తల్లి గానీ తండ్రి గానీ మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో రిజిస్ట్రారుకి దరఖాస్తు ఇవ్వాలి. మీసేవలో కూడా ఈ సేవ ఉంది. 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకి బడి, పాస్‌పోర్టు, ఓటు, డ్రైవింగ్ లైసెన్సు అన్నిటికీ పుట్టిన తేదీకి ఈ పత్రమే ఆధారం. ఒకసారి చేర్చిన పేరుని తర్వాత మార్చడం కష్టం. అక్షరదోషం దిద్దుతారు గానీ మనసు మారిందంటే ఒప్పుకోరు. అందుకని ఇంకా మిగిలిన నెలలు తీసుకోండి. దరఖాస్తులో పేరుని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ మీ చేత్తోనే రాసి ఇవ్వండి. కంప్యూటర్లో ఎక్కించాక అచ్చు తీసే ముందు తెరమీద ఒత్తులు, దీర్ఘాలు చూసుకోండి. అంశ్ అన్నది అన్ష్ అయ్యేది, శ్రీజ శ్రిజ అయ్యేది అక్కడే.